డాక్టరు గారి కారు

"డాక్టరు గారి కారు సార్. ఇల్లు, హాస్పిటల్, మళ్ళీ ఇల్లు. పదేళ్ళకు కలిపి 42 వేలే తిరిగింది. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

పాత కార్లు అమ్మేచోట ఈ డాక్టరు గారు ఎప్పుడూ ఉంటారు. ఒక్కోసారి రిటైర్డ్ కల్నల్‌గా, ఒక్కోసారి అమెరికా వెళ్ళిపోయిన ఇంజనీరుగా అవతారం మారుస్తారు గానీ, కారును మాత్రం పువ్వుల్లో పెట్టి చూసుకుని ఉంటారు. మా బావమరిది ఆ మాట వినగానే మెత్తబడిపోయాడు. హైదరాబాదు శివార్లలో ఓ కార్ కన్సల్టెన్సీ, రేకుల షెడ్డు, దాని కింద నల్లగా నిగనిగలాడుతున్న జర్మన్ సెడాన్. కొత్తలో అరకోటికి అటూ ఇటూ పలికిన బండి. ఇప్పుడు అడుగుతున్నది ఓ మోస్తరు కొత్త హ్యాచ్‌బ్యాక్ ధర.

యాక్సిడెంట్ అయిన కారుకు సొట్టల మీద పుట్టీ దట్టంగా పెడతారనీ, అక్కడ అయస్కాంతం అంటుకోదనీ వాడికి ఎవరో చెప్పారట. ఇంట్లో ఫ్రిజ్ మీదున్న వెంకటేశ్వరస్వామి బిళ్ళ పీకి జేబులో వేసుకొచ్చాడు. బానెట్‌కు ఆనించాడు, జారి కింద పడింది. ముందు తలుపుకు ఆనించాడు, మళ్ళీ పడింది. నాలుగు తలుపులూ అంతే. "బావా, కారంతా పుట్టీయేనా?" అని నా చెవిలో గొణిగాడు.

పుట్టీ కాదు, అల్యూమినియం. బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో 2010లో వచ్చిన తరానికి బానెట్, తలుపులు, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేశారు. అదే కాలపు ఆడి ఏ6కూ, మెర్సిడెస్ ఇ-క్లాస్‌కూ బానెట్ అల్యూమినియమే. ముందు భాగంలో ఇంజిన్ బరువు ఎలాగూ ఉంటుంది. దాని మీద రేకు బరువు కూడా తగ్గిస్తే మలుపుల్లో బండి చెప్పినమాట వింటుంది. 5 సిరీస్‌లో బ్యాటరీని తీసుకెళ్ళి డిక్కీలో పెట్టిందీ ఆ తూకం కోసమే. డిక్కీలో బ్యాటరీ అన్న సంగతి గుర్తుంచుకోండి, నీళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడు పనికొస్తుంది.

మాతో వచ్చిన మెకానిక్‌ను వీధిలో అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన నవ్వి, జేబులోంచి సెల్‌ఫోన్ అంత పెయింట్ మీటర్ తీశాడు. దీని పని చూడ ముచ్చటగా ఉంటుంది. ఇనుప రేకు మీద పెడితే లోపలి తీగచుట్ట అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా పట్టుకుందో కొలుస్తుంది. మధ్యలో రంగు ఎంత మందంగా ఉంటే పట్టు అంత సడలుతుంది. అల్యూమినియం మీద ఆ పద్ధతి పారదు. అక్కడ మీటర్ క్షణానికి వేలసార్లు దిశ మారే క్షేత్రాన్ని పంపుతుంది. దాంతో అల్యూమినియంలో గోదావరి సుడుల్లా చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఎడ్డీ కరెంట్లు అంటారు. అవి తిరిగి తీగచుట్టనే ఎదిరిస్తాయి. ఆ ఎదురు ఎంత బలహీనంగా వస్తే రేకు అంత దూరంలో ఉన్నట్టు, అంటే రంగు అంత మందంగా ఉన్నట్టు.

ఫ్యాక్టరీలో వేసిన రంగు, ప్రైమర్ నుంచి పైన మెరిసే క్లియర్ కోటు దాకా అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. తల వెంట్రుక మందానికి రెండింతలు కూడా ఉండకపోవచ్చు. రెండోసారి రంగు పడితే 200 దాటుతుంది. పుట్టీ పెడితే 500, వెయ్యి, ఆపైన. ఉస్తాద్ ఒక్కో రేకు మీదా నాలుగైదు చోట్ల పెట్టి అంకెలు పైకి చదివాడు. బానెట్ 118, 124, 121. కుడి తలుపులు రెండూ 130 లోపే. ఎడమ వెనక తలుపు 290. దాని పక్కన వెనక చక్రం పైన ఉండే ఇనుప రేకు 740. స్వామివారి బిళ్ళ కూడా కుడివైపు ఆ రేకును గట్టిగా పట్టుకుని, ఎడమవైపు వేలాడుతూ నిలబడింది. చూడాల్సింది బిళ్ళ అంటుకుందా లేదా అని కాదు. ఎడమా కుడీ ఒకేలా అంటుకున్నాయా అని.

"చిన్న టచప్ సార్, ఆటోవాడు రాసుకుంటూ పోయాడు" అన్నాడు అమ్మే ఆయన. అయ్యుండొచ్చు. అది అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

1970లో జార్జ్ ఎకర్‌లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఈ షెడ్డులో నిలబడి రాశాడా అనిపించే వ్యాసం ఒకటి ప్రచురించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పికొట్టాయి. 2001లో అదే పని మీద ఆయనకు, మరో ఇద్దరితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. లోపలి రోగం బయటికి కనిపించని కారును అమెరికాలో 'నిమ్మకాయ' అంటారు. మనకు నిమ్మకాయ కొత్త కారు టైరు కింద నలుగుతుంది, వాళ్ళకు కారే నిమ్మకాయ. ఎకర్‌లాఫ్ వాదం ఇది. మంచి పాత కారు విలువ 12 లక్షలు, చెడ్డదాని విలువ 6 లక్షలు అనుకుందాం. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు మధ్యేమార్గంగా 9 ఇస్తానంటాడు. మంచి కారున్నవాడు 9కి ఇవ్వను పొమ్మని ఇంట్లోనే ఉంచుకుంటాడు. సంతలో చెడ్డవాటి పాలు పెరుగుతుంది. కొనేవాడు ఇంకా భయపడి 7 అంటాడు. ఇలా దిగుతూ దిగుతూ చివరికి సంతలో నిమ్మకాయలే మిగులుతాయి. ఎవరూ మోసగాళ్ళు కానక్కర్లేదు, తెలిసినదానిలో తేడా ఉంటే చాలు.

లగ్జరీ సెడాన్ల విషయంలో ఈ తేడా మరీ ఖరీదు. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అన్న సామెత వీటికి పనికిరాదు. ఈ ఏనుగు ధర ఏటేటా పడిపోతుంది, మేత ధర మాత్రం పడదు. పదేళ్ళ కారుకైనా కంపెనీ హెడ్‌లైట్ కొత్త కారు హెడ్‌లైట్ ధరకే వస్తుంది. బండి ఖరీదు ఐదో వంతుకు దిగాక గేర్‌బాక్స్‌కో ఇంజెక్టర్లకో జబ్బు చేస్తే, బిల్లును కారు ధరతో పోల్చి చూసుకున్న యజమాని చేసే మొదటి పని దాన్ని అమ్మేయడం. మా ఎదుట నిగనిగలాడుతున్నది అలా వచ్చిందా, లేక డాక్టరు గారు నిజంగానే కొత్తది కొనుక్కున్నారా?

మనుషులు చెప్పరు సరే, కారును అడగొచ్చు. కారులోని రబ్బరు, ప్లాస్టిక్, నూనె అబద్ధమాడలేవు.

ముందు ఆ 42 వేల సంగతి. మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్ పని. డ్యాష్‌బోర్డులో చిప్ ఒకటుంటుంది, దానిలో అంకె మారిస్తే సరిపోతుంది. అయితే ఈ తరం కార్లలో చాలావాటికి ఆ అంకె ఒక్కచోటే ఉండదు. వేర్వేరు కంట్రోల్ యూనిట్లు తమ తమ లెక్క రాసుకుంటాయి, కొన్నిటిలో తాళంచెవి కూడా రాసుకుంటుంది. అన్నిచోట్లా తిప్పే ఓపిక అందరికీ ఉండదు. స్కానర్ లేకపోయినా స్టీరింగ్ తోలు పది, రెండు గంటల స్థానాల్లో అద్దంలా నునుపు తేలిందా, బ్రేకు పెడల్ రబ్బరు గాళ్ళు అరిగాయా, డ్రైవరు సీటు అంచు కుంగిందా చూడొచ్చు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం తయారైన టైరు. 42 వేలు తిరిగిన కారుకు రెండో జత టైర్లు ఉండొచ్చు. మూడో జత ఉంటే డాక్టరు గారు ఎక్కడికెళ్ళారో అడగాలి.

సరే, ఆ 42 వేలు నిజమే అనుకుందాం. అప్పుడు మాత్రం అది గొప్పా? ఇక్కడే మా బావమరిదికీ నాకూ వాదం వచ్చింది. ఊరి ట్రాఫిక్‌లో సగటు వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకుంటే, 42 వేల కిలోమీటర్లకు ఇంజిన్ 2,300 గంటల పైచిలుకు తిరిగింది. హైవే మీద గంటకు 60 సగటున నడిచిన కారు 1,30,000 కిలోమీటర్లకు తిరిగేది 2,170 గంటలు. అంటే మూడింతల దూరం చూపించే కారు ఇంజిన్ తక్కువసేపు పనిచేసింది. గేర్లు మారిన లెక్కా, బ్రేకు తొక్కిన లెక్కా చూస్తే తేడా ఇంకా పెద్దది.

పైగా ఇది డీజిల్. డీజిల్ ఇంజిన్‌కు నాలుగు కిలోమీటర్ల ప్రయాణాల కంటే పెద్ద శిక్ష లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త ఇంధనం సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది, మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి కూడా ఆయిల్‌లో చేరుతుంది. నూనె బాగా కాగి ఓ అరగంట అలాగే నడిస్తే నీళ్ళు ఆవిరై పోతాయి, ఇంధనం కూడా కొంత ఎగిరిపోతుంది. హాస్పిటల్ గేటు దగ్గర ఆగిపోతే అంతా అక్కడే ఉండిపోతుంది, పలచబడ్డ నూనె బేరింగులను కాపాడలేదు. ఇంకోపక్క, కాలుష్యం తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ అనే ఏర్పాటు ఉంది. ఆ పొగలోని మసి, ఆయిల్ ఆవిరి కలిసి గాలి వెళ్ళే దారుల్లో తారులాగా పేరుకుంటాయి. డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు అమర్చిన డీజిళ్ళలో, అంటే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళలోనూ అంతకుముందు కొన్నిటిలోనూ, మసిని ఫిల్టరు పట్టుకుని, దాదాపు 600 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద చేయాలి. ఆ వేడి రావడానికి ఔటర్ రింగ్ రోడ్డు కావాలి, ఆస్పత్రి రోడ్డు సరిపోదు. అలాంటి ప్రయాణాల డాక్టరు గారు పెట్రోలు కారో, హైబ్రిడ్డో కొనుక్కుని ఉంటే ఆయనకూ మంచిది, తరవాత కొనేవాళ్ళకూ మంచిది.

ఇక వయసు. కారు తిరగకపోయినా ముసలిదవుతుంది. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో సూత్రం ఇచ్చాడు. దాన్నుంచి పుట్టిన మోటు లెక్క ఏమిటంటే, 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యలు రెట్టింపు వేగంతో నడుస్తాయి. మ్యూనిక్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో డిజైన్ చేసిన రబ్బరు మన మే నెల ఎండలో ఎంత తొందరగా పండుతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. రబ్బరు అంటే పొడుగాటి అణు గొలుసులు, వాటి మధ్య అక్కడక్కడా ముళ్ళు. వేడికి, ఆక్సిజన్‌కు ముళ్ళు ఎక్కువైతే గొలుసులు కదలలేవు. రబ్బరు బిగుసుకుని పగుళ్ళిస్తుంది. ఈ తరగతి సెడాన్లకు ప్రతి చక్రాన్నీ నాలుగైదు చేతులు పట్టుకుని ఉంటాయి, ప్రతి చేతి చివరా రబ్బరు బుష్షు. పట్టు మీద కూర్చున్నట్టుండే ఆ ప్రయాణ సుఖం ఆ బుష్షులదే. స్పీడ్ బ్రేకర్ మీద 'టక్' మని వినిపిస్తే అందులో ఒకటి సెలవు తీసుకున్నట్టు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఇ-క్లాస్ లాంటి వాటిలో స్ప్రింగుకు బదులు రబ్బరు తిత్తి ఉంటుంది. దాన్ని పరీక్షించడానికి పెద్ద విద్య అక్కర్లేదు. సాయంత్రం చదునైన చోట నిలిపి, పొద్దున్నే అమ్మేవాడు స్టార్ట్ చేయకముందే వెళ్ళాలి. ఒక మూల కుంగి ఉంటే తిత్తి కారుతోంది. దాన్ని నింపీ నింపీ కంప్రెసర్ కూడా కాలే దారిలో ఉంటుంది.

ప్లాస్టిక్ కథ ఇంకా తమాషా. రేడియేటర్ పక్కల తొట్లు, కూలెంట్ పైపుల కీళ్ళు, చాలా కార్లలో గాజుపోగులు కలిపిన నైలాన్‌తో చేస్తారు. నైలాన్ అణువులను కట్టి ఉంచేది అమైడ్ బంధం. మన కండరాల ప్రోటీన్లను కట్టి ఉంచేదీ అలాంటిదే. వేడి నీళ్ళు ఆ బంధాన్ని ఏళ్ళ తరబడి కొరుక్కుతింటాయి. బయటికి నల్లగా, గట్టిగానే కనిపిస్తుంది, లోపల బిస్కెట్ అయిపోయి ఉంటుంది. ఓ రోజు ట్రాఫిక్‌లో పిట్టుమంటుంది. అది పోవడం పెద్ద ఖర్చేమీ కాదు. కూలెంట్ పోయినా 'ఇంటిదాకా పోదాం' అనుకోవడమే ఖర్చు, ఎందుకంటే అల్యూమినియం సిలిండర్ హెడ్డు వంగిపోతుంది.

నూనెలూ అంతే. బ్రేకు ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీళ్ళు చేరాక 155 దగ్గరే మరగొచ్చు. శ్రీశైలం ఘాట్ దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ తేడా అరికాలికి తెలుస్తుంది. 5 సిరీస్‌లో వాడే జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బాక్సులో నూనె 'జీవితాంతం' మార్చక్కర్లేదని బ్రోషర్లు చెప్పే రోజులుండేవి. బాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి జీవితాంతం అన్నదే ప్రశ్న. వారంటీ జీవితం వేరు, మన ఇంట్లో జీవితం వేరు.

ఉస్తాద్ కార్పెట్ మూల లేపి వేలు పెట్టాడు, సీటు బెల్టును చివరిదాకా లాగి వాసన చూశాడు. నీళ్ళ కోసం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతి వరద తరవాతా మునిగిన కార్లు కడిగించుకుని వేరే ఊళ్ళకు బయల్దేరతాయి. నీళ్ళు గాలిలాగా కుదించుకోవు. సిలిండర్‌లోకి నీళ్ళు పోయినప్పుడు స్టార్ట్ చేస్తే పిస్టన్ గోడకు గుద్దుకున్నట్టు ఆగి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది వెంటనే తెలిసిపోతుంది, దాచలేరు. దాచగలిగేది వైర్ల తుప్పు. బురదనీరు కనెక్టర్లలో చేరితే రాగి మీద ఆకుపచ్చ చిలుము నెమ్మదిగా పడుతుంది. ఆరునెలల తరవాత ఓ రోజు అద్దం దిగదు, ఇంకో రోజు గేరు పడదు. డిక్కీలో బ్యాటరీ అని గుర్తుంచుకోమన్నాను కదా. ఈ తరగతి కార్లలో చాలావాటికి బ్యాటరీతోపాటు కొన్ని కంట్రోల్ యూనిట్లు కూడా డిక్కీలో కింది భాగాన ఉంటాయి. మోకాలి లోతు నీళ్ళు చాలు. కార్పెట్ షాంపూ వాసన కొడుతుంటే, లేదా బెల్టు చివర మట్టి గీత ఉంటే, టీ తాగి వచ్చేయడమే.

చివరికి స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో ఉస్తాద్ చిన్న బ్లూటూత్ ముక్క గుచ్చి ఫోన్ తెరిచాడు. లోపాల కోడ్లు ఒక్కటీ లేవు. మా బావమరిది నావైపు గర్వంగా చూశాడు. ఉస్తాద్ ఇంకో పేజీలోకి వెళ్ళాడు. ఆ సాకెట్ పాటించే ఓబీడీ ప్రమాణంలో ఒక గడి ఉంది, కోడ్లు తుడిచాక బండి నడిచిన దూరం అని. అందులో అంకె 6.

"బ్యాటరీ మార్చాం సార్, అందుకే రీసెట్ అయింది" అన్నాడు అమ్మే ఆయన తడుముకోకుండా. బ్యాటరీ తీస్తే అలా జరగొచ్చు కూడా. ఉస్తాద్ ఏమీ అనలేదు. డిక్కీ తెరిచి, చాప లేపి, బ్యాటరీ మీది తేదీ స్టిక్కరు చూపించాడు. రెండేళ్ళ పాతది.

అక్కడితో లేచాం. నిజానికి ఇంకో పరీక్ష మిగిలి ఉంది, తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దీపాన్నే ఎవరో పీకేసి ఉంటారు. చూసే ఓపిక లేకపోయింది.

కాగితాల గురించి ఒక్క మాట. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిళ్ళ మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక అక్కడి జర్మన్ సెడాన్లు దక్షిణానికి బాగానే వచ్చాయి. ధర చూసి నోరూరుతుంది. ఎన్‌వోసీ, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకున్నాకే ఊరనివ్వాలి. బండి మీద అప్పు ఉంటే అది తీరినట్టు ఫారం 35 మీద బ్యాంకు సంతకం చూడాలి.

మూడు నెలలకు మావాడికి ఇంకోటి దొరికింది. విజయవాడ కాంట్రాక్టరు ఒకాయన నెలకు రెండు మూడుసార్లు హైదరాబాదు వచ్చిపోయిన కారు, ఎనిమిదేళ్ళది, మీటర్‌లో 1,31,000. మొదట వద్దే వద్దన్నాడు. విజయవాడ అనగానే నేనూ బుడమేరు గుర్తొచ్చి తటపటాయించాను. ఉస్తాద్ కార్పెట్ లేపాడు, బెల్టులు లాగాడు, డిక్కీ అడుగు దాకా టార్చి వేసి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. ముందు బంపరుకు రంగు పడింది, దానికి బిల్లు ఉంది. గేర్‌బాక్స్ నూనె 90 వేల దగ్గర మార్చిన బిల్లు కూడా అదే ఫైల్లో ఉంది. కూలింగ్ పైపుల బిల్లు మాత్రం ఎక్కడా కనపడలేదు. ఆ మేరకు ధర తగ్గించుకుని తీసుకున్నాం.

ఇంటికి తెచ్చేముందే ఉస్తాద్ షెడ్డుకు తోలించాం. పూజ తరవాత చేయించుకోవచ్చులే అని, నాలుగు నిమ్మకాయలు డ్యాష్‌బోర్డు మీదే పెట్టి ఉంచాడు మావాడు. ఉస్తాద్ కూలెంట్ దింపి, ఇంజిన్ పక్కనుంచి వెళ్ళే ప్లాస్టిక్ గొట్టం విప్పి వాడి చేతిలో పెట్టాడు. చూడటానికి బాగానే ఉంది, ఎక్కడా పగుళ్ళు లేవు. "నొక్కు" అన్నాడు. మావాడు బొటనవేలితో మెడ దగ్గర కొంచెం నొక్కాడు. అప్పడంలా విరిగింది.